రోహిణి కార్తెలో చలి

పశువుల డాక్టరుగా నా ఉద్యోగమంతా జగ్గయ్యపేట, నందిగామల మధ్యే గడిచింది. ఒకరోజు ఈనలేక అవస్థ పడుతున్న గేదె లోపల చెయ్యి పెట్టి దూడను సరిచేస్తుంటే అది ఉన్నట్టుండి కూలబడింది. నా కుడి భుజం మెలిపడింది. ఆ భుజం మళ్ళీ మామూలుగా లేవలేదు. చెయ్యి లేవని పశువైద్యుడికి ఆసుపత్రిలో కుర్చీ దొరుకుతుంది గానీ పని దొరకదు. ఆ కుర్చీలో కూర్చోలేక, ఇంకా సర్వీసు ఉండగానే విరమించుకున్నాను.

ఇప్పుడు పొద్దున్నే లేచి తయారైనా వెళ్ళడానికి చోటు లేదు. ఏ పనీ లేకపోయినా అప్పుడప్పుడు స్కూటీ తీసి హైవే మీద కొంతదూరం వెళ్ళొస్తుంటాను. మిరప కల్లాల ఘాటుకి తుమ్ము వస్తే ప్రాణం లేచొచ్చినట్టుంటుంది. అన్నిటికన్నా ఎక్కువగా గుర్తొచ్చేది అప్పుడే పుట్టిన పిల్ల బరువు. దూడైనా, కుక్కపిల్లైనా, తడితడిగా, వెచ్చగా, తను వచ్చింది ఎక్కడికో ఇంకా తెలియనట్టు చేతుల్లో కదిలే ఆ బరువు. ఇప్పటికీ ఒక్కోసారి ఊరికే అరచేతులు రెండూ దగ్గరికి చేర్చి చూసుకుంటాను.

ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చేవాళ్ళకి పాడిపశువుల గురించి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను కుక్కపిల్లల గురించి రాస్తాను. బాగానే పుట్టి, రెండు మూడు రోజుల్లో ఒకదాని వెంట ఒకటి వాడిపోయి చనిపోయే పిల్లల గురించి. పుస్తకాల్లో దీన్ని ఫేడింగ్ పప్పీ సిండ్రోమ్ అంటారు. దీనితోపాటు, నందిగామలో ఒక ఇల్లాలి మీద పడిన మాట ఒకటి ఉంది. అది పుట్టింది నా నోట్లోనే. అది తప్పని రాసి పెట్టాల్సినవాణ్ణి కూడా నేనే.

తెలీదు అనే డాక్టరు

జగ్గయ్యపేటలో నా మొదటి పై అధికారి విచిత్రమైన మనిషి. పశువును చూసి, నాలుగువైపులా తిరిగి, చెవులు పట్టుకుని చూసి, అందరికీ వినపడేలా "నాకు తెలీట్లేదయ్యా. రేపు మళ్ళీ తోలుకురా, చూద్దాం" అనేవారు. సరిహద్దు అవతలి తెలంగాణ పల్లెల నుంచి వచ్చిన రైతులకి ఒళ్ళు మండేది. "గీ సారుకు ఏం తెల్వదంట. నడువ్, కోదాడకే పోదాం" అని గొణుక్కుంటూ పలుపు విప్పుకునేవాళ్ళు. నాకు తల కొట్టేసినట్టయ్యేది.

ఒకసారి ఉండబట్టలేక అడిగాను. "ఏదో ఒకటి చెప్పి పంపొచ్చు కదా సార్?"

"చెప్పొచ్చు. ఆ ఏదో ఒకటి వాడు ఇంటికి తీసుకెళ్ళి ఎవడో ఒకడి నెత్తిన వేస్తాడు. పెళ్ళాం కుడితి సరిగ్గా పెట్టలేదనో, పాలేరు కొట్టాడనో. నీకెందుకా పాపం?" అన్నారు.

ఆయనకి మాట్లాడటం చేతకాదని అప్పట్లో అనుకున్నాను. నాకు బాగా చేతనవును. ఏ పశువుకైనా నిమిషంలో కారణం చెప్పేవాణ్ణి. కొన్నాళ్ళకే నా హస్తవాసి మంచిదని పేరొచ్చింది. హస్తవాసి అనేది మందు వల్లా చదువు వల్లా వచ్చేది కాదు, జనం ఇచ్చేది. ఇచ్చాక దాన్ని కాపాడుకోవాలనిపిస్తుంది. నేను చెడింది అక్కడే.

విత్తనాల కొట్టు

నందిగామకి మారాక కోటేశ్వరరావు స్నేహితుడయ్యాడు. అతనికి విత్తనాలూ పురుగుమందుల కొట్టు ఉంది, కొట్టు వెనకే ఇల్లు. సాయంత్రం ఆసుపత్రి కట్టేశాక అక్కడికి వెళ్ళి టీ తాగకపోతే నాకు రోజు పూర్తయినట్టుండేది కాదు. అతని భార్య అనసూయ నన్ను అన్నయ్య గారూ అని పిలిచేది. అల్లం దంచిన చప్పుడు వినపడిందంటే టీ వస్తోందని అర్థం.

ఆ కొట్లో ఒక ఆనవాయితీ ఉండేది. మిరప విత్తనం కొనే రైతులు మొదటి పొట్లాన్ని అనసూయ చేత్తో ఇప్పించుకునేవాళ్ళు. ఆవిడ చేత్తో ఇస్తే నారు చావదని నమ్మకం. కోటి గల్లా దగ్గర్నుంచి లేచి, "ఇదిగో, బోణీ చేతులు ఖాళీ అయినయ్యా? మీ వాళ్ళు ఎదురు చూస్తున్నారు" అని లోపలికి కేకేసేవాడు. ఆవిడ పిండి చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, రెండు చేతులా పొట్లం అందించేది. "పోయి నీళ్ళు సరిగ్గా పెట్టుకో బాబాయ్, అన్నీ నా మీదే వెయ్యకు" అని నవ్వేది. ఆ వీధిలో ఆవిడదీ ఒక హస్తవాసే. నా దాని కంటే పాతది.

వాళ్ళింట్లో జూలీ అనే లాబ్రడార్ ఉండేది. మొదటి కాన్పు రోహిణి కార్తెలో వచ్చింది.

కూలర్

మెట్ట ప్రాంతపు రోహిణి కార్తె గురించి ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు. గోడ మీద చెయ్యి ఆనించలేం. కోటి ఫోన్ చేశాడు. "ఒరేయ్, ఆరు పిల్లలురా. అన్నీ బాగున్నాయి గానీ ఒకటే అరుపు. ఇల్లు పొయ్యిలా ఉంది."

"ఆ ఎండకి పెద్దవాళ్ళమే ఉండలేకపోతున్నాం. గచ్చు తడిపి కూలర్ ముందు పెట్టించు" అన్నాను. మన దగ్గర దీవించినా చల్లగా ఉండమనే దీవిస్తాం. రోహిణి కార్తెలో చలి చంపుతుందన్న ఆలోచన నాకెలా వస్తుంది?

సాయంత్రానికి అరుపులు ఆగిపోయాయి. "నీ మాట మంత్రంరా డాక్టరూ, అన్నీ హాయిగా పడుకున్నాయి" అన్నాడు కోటి. నేనూ సంతోషించాను.

మర్నాడు రెండు పోయాయి. నేను ఎండన పడి వెళ్ళేసరికి వసారా నిండా వీధి ఆడవాళ్ళు. కోటి తల్లి అరుగు మీద కూర్చుని ఉంది. పిల్లలు కూలర్ ముందు తడి నాపరాళ్ళ మీద పల్చటి గుడ్డలో ఉన్నాయి. జూలీ ఒక పిల్లని మూతితో అవతలికి నెట్టేస్తోంది. "చూశారా, కన్నతల్లే తోసేస్తోంది" అని ఎవరో అన్నారు.

నేను ఒక్కొక్కదాన్నీ చేతిలోకి తీసుకున్నాను. నా చేతులు బండి హ్యాండిల్ పట్టుకుని మాడిపోయి ఉన్నాయి. ఆ చేతికి పిల్ల ఒళ్ళు చల్లగా తగిలితే ప్రాణానికి హాయిగా అనిపించింది. సంచిలో థర్మామీటరు ఉంది. తియ్యలేదు. నీరసంగా ఉన్నాయని సిరంజీతో పాలు పట్టాను. ఒకదానికి ముక్కులోంచి పాలు తిరిగొచ్చాయి. ఇంజక్షన్లు చేశాను.

"ఏమైందంటారు డాక్టరు గారూ?" అని పెద్దావిడ అడిగింది. వీధంతా నా మొహం వైపే చూస్తోంది. నాకు తెలీట్లేదండీ అని అనాల్సిన సమయం అది. దానికి బదులు నేను అడిగాను: "పిల్లల్ని ఎవరన్నా ముట్టుకున్నారా?"

మనిషి చెయ్యి తగిలితే తల్లి పిల్లల్ని వదిలేస్తుందన్న నమ్మకం ఆ వసారాలో అందరికీ ఉంది. నేను కొత్తగా ఏమీ చెప్పలేదు. ఉన్న నమ్మకానికి డాక్టరు ముద్ర వేశాను, అంతే.

వంటింటి గుమ్మంలోంచి అనసూయ అంది. "నేనే అన్నయ్య గారూ. ఒకటి మరీ మూలుగుతుంటే రాత్రంతా ఒళ్ళో పెట్టుకున్నా. తెల్లారి తల్లి దగ్గర పెడితే పాలు కూడా తాగింది, మళ్ళీ ఒళ్ళోకి తీసుకున్నా."

"అలా తియ్యకూడదమ్మా. మళ్ళీ వాటితోపాటు పెట్టేసెయ్" అన్నాను.

ఆవిడ కొంగులోంచి ఆ పిల్లని తీసి కూలర్ ముందు పెట్టింది. ఆ వసారాలో కాస్త చురుగ్గా ఉన్నది అదొక్కటే. రెండు రోజుల్లో అదీ పోయింది. ఒక్కటీ మిగల్లేదు.

"వద్దంటే వింటేనా. ఆ చెయ్యి పెట్టకుండా ఉండాల్సింది" అంది పెద్దావిడ, ఎవరితో అనకుండా అందరికీ వినపడేలా.

ఆ తర్వాత

జూలీని గరికపాడు దగ్గర దాబా నడిపే కోటి బంధువు తీసుకెళ్ళాడు. నేను చెక్‌పోస్టు వైపు వెళ్ళినప్పుడల్లా అక్కడ టీకి ఆగేవాణ్ణి. లారీల మధ్య నుంచి పరిగెత్తుకొచ్చి నా చెయ్యి వాసన చూసి తోక ఊపేది. దానికి నా మీద ఏ కోపమూ లేదు. అది నాకు ఊరటగా ఉండేది కాదు.

తొలకరికి విత్తనాల అమ్మకం మొదలైంది. ఒకరోజు నేను కొట్లో ఉండగా ఒక రైతు వచ్చాడు. కోటి అలవాటు కొద్దీ లోపలికి కేకేశాడు. రైతు ఇబ్బందిగా కదిలి, "పనిలో ఉన్నారేమో, ఎందుకులే అండీ. మీరే ఇవ్వండి" అన్నాడు. అప్పటికే అనసూయ గుమ్మం దాకా వచ్చింది. ఆగింది. కడుక్కున్న చేతులు రెండూ కొంగులో చుట్టుకుని, "అవునండీ, మీరే ఇవ్వండి. నాకు పొయ్యి మీద పాలున్నాయి" అని వెనక్కి వెళ్ళిపోయింది.

ఆ రోజు టీ వచ్చింది గానీ, కోటి చేత పంపింది. ఆ తర్వాత ఎప్పుడు ఎదురుపడినా ఆవిడ నన్ను డాక్టరు గారూ అనే పిలిచింది. మర్యాదలో ఏ లోటూ లేదు. నేను మెల్లగా వెళ్ళడం తగ్గించాను.

బల్బు కింద

మరుసటి వేసవిలో జగ్గయ్యపేట ఇన్‌ఛార్జి కూడా నాకే వచ్చింది. వేదాద్రి వైపు మస్తాన్ అనే అతనికి కోళ్ళ షెడ్డు ఉంది. కొత్తగా దించిన కోడిపిల్లల్ని చూడ్డానికి వెళ్ళాను. మండే ఎండాకాలంలో కూడా కోడిపిల్లల మీద బల్బులు వెలిగించే ఉంచాలని, సాయంత్రం గాలి తిరిగితే పరదాలు దించాలని అతనికి చెప్పింది నేనే.

"సార్, ఈసారి బ్యాచ్‌లో నాలుగు కాళ్ళ కోడిపిల్లలు కూడా వచ్చినయ్, చూస్తారా?" అన్నాడు మస్తాన్.

కోడిపిల్లల చుట్టూ కట్టిన రేకు అవతల మూలలో, ఎండు ఊక మీద, బల్బు వెలుగు పడేచోట ఒక ఊరకుక్క పిల్లలు పెట్టి ఉంది. పిల్లలన్నీ గుండ్రంగా, పొట్టలు నిండి, నిద్రలో కాళ్ళు తన్నుకుంటున్నాయి.

"లేపబోతే మీదికొచ్చింది సార్. సరే, అది కూడా ఇక్కడే పెరగనీ అని వదిలేశా. ఒక్కటీ పోలా."

నేను ఆ ఊక మీద చాలాసేపు గొంతుక్కూర్చున్నాను. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి, కోళ్ళ షెడ్లలో వాడే థర్మామీటరు మా కూలర్ ముందు తడి గచ్చు మీద పెట్టాను. మనిషికి హాయిగా ఉండే వేడి చూపించింది. కోడిపిల్ల అయితే చచ్చిపోయేది. అది నాకు నోటికొచ్చిన పాఠం. కోడిపిల్లకి బల్బు పెట్టించినవాణ్ణి, కుక్కపిల్లకి కూలర్ పెట్టించాను. కుక్కను మా వృత్తిలో ఒక పశువుగా లెక్కపెట్టని రోజులవి, అందుకే ఒకచోట తెలిసింది ఇంకోచోట గుర్తు రాలేదు.

నందిగామలో కోటి కొట్టు ముందు నుంచే ఎన్నోసార్లు వెళ్ళాను. ఆగలేదు. ఇప్పుడు చెప్పి ఏం లాభం అని నాకు నేను చెప్పుకున్నాను. అసలు కారణం, నా హస్తవాసి పోతుందని.

పిల్లలు వాడిపోతుంటే

ఇక మీకు పనికొచ్చే మాటలు.

మొదటి వారంలో కుక్కపిల్లకి వణకడం కూడా రాదు. తనంతట తను ఒంట్లో వేడి నిలుపుకోలేదు. తల్లి ఒళ్ళు, తోటి పిల్లలు, పడుకున్న చోటు, ఇవే దానికి వేడి. తడి గచ్చూ, ఎదురుగాలీ ఆ వేడిని లాగేస్తాయి, బయట ఎంత ఎండున్నా సరే. చలి పట్టిన పిల్ల మొదట అరుస్తుంది, తర్వాత ఊరుకుంటుంది. ఆ ఊరుకోవడాన్ని చూసి సంతోషించకండి. నేను సంతోషించాను.

చల్లబడ్డ పిల్లకి పాలు పట్టొద్దు. దాని పేగు కదలదు, మింగే శక్తి ఉండదు, పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ముందు వెచ్చబెట్టాలి, అదీ నెమ్మదిగా. ఒంటికి హత్తుకోవచ్చు, గోరువెచ్చటి నీళ్ళ సీసాను గుడ్డలో చుట్టి పక్కన పెట్టొచ్చు. గబగబా వేడి చేస్తే అదీ ప్రమాదమే. ఒళ్ళు వెచ్చబడి, కదలిక వచ్చాక చిగుళ్ళకి కాస్త గ్లూకోజు నీళ్ళు రాసి, అప్పుడు తల్లి దగ్గర పెట్టండి. మీ చేతిని నమ్మకండి, థర్మామీటరు పెట్టండి. చూసే ముందు మీ చెయ్యి వేడిగా ఉందో చల్లగా ఉందో చూసుకోండి.

ఎండా తక్కువది కాదు. మరీ వేడెక్కితే పిల్లలు ఒకదానికొకటి దూరంగా పడి రొప్పుతాయి. పడకకి ఒకవైపు వెచ్చగా, ఒకవైపు మామూలుగా ఉంచితే తల్లీ పిల్లలూ వాటికి కావలసిన చోటు అవే వెతుక్కుంటాయి.

తల్లి పిల్లని నెడితే దాన్ని తిట్టనివ్వకండి. చల్లబడ్డ పిల్ల తల్లికి తన పిల్లలా అనిపించదు. వెచ్చబెట్టి ఇస్తే చాలాసార్లు మళ్ళీ నాకుతుంది. తల్లికి జ్వరం ఉందేమో, పొదుగు గట్టిపడిందేమో చూడండి. మొదటి రోజు ముర్రుపాలు మంచివి కావని పిల్లల్ని తాగనివ్వని ఇళ్ళు ఇంకా ఉన్నాయి. ఆ పాలే పిల్లకి మొదటి టీకా, ఒక్క చుక్క వృథా కానివ్వొద్దు. బొడ్డుకి అయోడిన్ రాయండి. రోజూ ఒకే కాటాలో తూచమనండి. బరువు పెరగని పిల్ల, రేపు వాడిపోబోయే పిల్ల. తల్లికి టీకాలూ నట్టల మందూ చూలు కట్టించడానికి ముందే అయిపోవాలి.

ఇవన్నీ చేసినా కొన్ని పోతాయి. కొన్ని లోపలి లోపంతోనే పుడతాయి, కొన్నిటికి అంటురోగం వస్తుంది. అప్పుడు ఇంటివాళ్ళు ఎందుకని అడుగుతారు. తెలియకపోతే తెలీదని చెప్పండి. మీ పేరు కొంచెం తగ్గుతుంది. తగ్గనివ్వండి.

కోటి ఫోను

ఈ మధ్య, మళ్ళీ రోహిణి కార్తెలో, ఏళ్ళ తర్వాత కోటి ఫోన్ చేశాడు.

"ఏరా, బతికే ఉన్నావా?"

"ఉన్నా. భుజమే పోయింది."

"నాలిక బానే ఉందిగా, అది చాలు. మా షెడ్డులో డ్రిప్పు పైపుల మధ్య ఊరకుక్క ఒకటి ఈనింది. రెండు పిల్లలు తేడాగా ఉన్నాయి. కొత్త డాక్టరమ్మ క్యాంపుకెళ్ళిందంట. మీ చెల్లెలు చూస్తే వాటి దగ్గరికి పోదు, కుదురుగా ఉండదు. పొద్దున్నుంచీ ఆ షెడ్డు గుమ్మంలోనే నిలబడింది. నువ్వు రా."

వెళ్ళాను. అదే వసారా. కోటి తల్లికి ఇప్పుడు చెవులు సరిగ్గా వినపడవు, అదే అరుగు మీద కూర్చుని ఉంది. వీధిలోని ఆడవాళ్ళు కొందరు వచ్చారు, జుట్లు నెరిశాయి. ఆ ఈతలో ఒక పిల్ల పోయింది, మిగిలినవన్నీ నిలిచాయి. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను, నేను చెప్పదలచింది అది కాదు కాబట్టి.

షెడ్డులోకి అడుగుపెట్టకముందే, గుమ్మంలో నిలబడ్డ అనసూయకి ఎదురుగా వసారాలో ఆగాను. ఇంటి నుంచి బయలుదేరినప్పటి నుంచీ మాటలు కూడగట్టుకుంటూనే ఉన్నాను. అక్కడ నిలబడేసరికి ఒక్కటీ గుర్తు రాలేదు. ఉన్నదున్నట్టు చెప్పేశాను. "అప్పట్లో జూలీ పిల్లలు చచ్చిపోయింది చలికి. కూలర్ ముందు పెట్టమన్నది నేను. చల్లబడిన పిల్లలకి పాలు పట్టింది నేను. ఈవిడ ఒళ్ళో ఉన్న పిల్లే కాస్త బాగుంది, దాన్ని తీసి మళ్ళీ కూలర్ ముందు పెట్టించింది కూడా నేనే. ఈవిడ చెయ్యి వల్ల కాదు. మరుసటి ఏడే నాకు తెలిసింది. చెప్పలేదు."

పెద్దావిడ అందరి మొహాలూ చూసి, "ఏంటంటున్నాడే?" అని అడిగింది.

కోటి తల దించుకున్నాడు. అనసూయ అత్తగారి దగ్గరికి వెళ్ళి, చెవి దగ్గర వంగి గట్టిగా చెప్పింది. "కూలర్ వల్ల పోయాయంట అత్తయ్యా. నా చెయ్యి వల్ల కాదంట."

"ఆ?"

"నా చెయ్యి వల్ల కాదంట."



పెద్దావిడ కొడుకు వైపు తిరిగింది. "ఆ కూలర్ తెచ్చింది నువ్వే గదరా కోటీ" అంది. ఎవరో నవ్వు ఆపుకోలేకపోయారు. కోటి, "అవునే, నేనే. డాక్టరు పెట్టమన్నాడు, నేను పెట్టా. ఇద్దరం కలిసే చేశాం" అన్నాడు. ఆ మాటకి నేను అతనికి ఎంత రుణపడ్డానో అతనికి తెలియదు.

షెడ్డులో పైపుల మధ్య తల్లి కుక్క పడుకుని ఉంది. పక్కగా పడి ఉన్న పిల్లని తీశాను. థర్మామీటరు పెట్టి చూస్తే ఒళ్ళు చల్లబడి ఉంది, ప్రాణం మాత్రం ఉంది. నా భుజం దాన్ని ఎక్కువసేపు ఎత్తి పట్టుకోనివ్వదు. గుమ్మంలో అనసూయ నిలబడి ఉంది, చేతులు కొంగులో.

"దీన్ని ఒంటికి ఆనించుకుని పట్టుకునే మనిషి కావాలమ్మా" అన్నాను.

ఆవిడ కదల్లేదు. పిల్ల వైపు చూసింది, నా వైపు చూసింది. తర్వాత కొంగు విప్పి, కుడి చెయ్యి తుడుచుకుని, అరచెయ్యి నా ముందుకు చాపింది.

"ముందు నా చెయ్యి చూడండి అన్నయ్య గారూ. చల్లగా ఉందేమో."

పిల్లని ఎడమ చేతిలోకి మార్చుకుని, ఆవిడ అరచేతికి నా వేళ్ళు ఆనించాను.

"వెచ్చగానే ఉందమ్మా" అన్నాను.